పదిహేను రోజుల ఆరోగ్యం

ఆరోగ్యం భీమారావుగారికి ఒక వ్రతం. వ్రతాలన్నింటికీ ఉన్నట్టే దానికీ ఒక సంకల్పమూ, ఒక దీక్షాకాలమూ, ఒక ఉద్యాపనా ఉండేవి. దీక్ష పదిహేను రోజులు. ఉద్యాపన మిఠాయి దుకాణంలో. ఆ పదిహేను రోజుల పుణ్యం మిగిలిన కాలమంతటికీ సరిపోతుందని ఆయన దృఢవిశ్వాసం.

ఈ విశ్వాసం ఊరికే పుట్టినది కాదు. శ్రీకాకుళం జిల్లా నుంచి పట్టాల పని వెదుక్కుంటూ రాయ్‌పూర్ చేరిన గ్యాంగుమనిషికి కొడుకై, ముప్పై ఆరేళ్లు గూడ్సు బళ్లు నడిపి, 2016లో పదవీ విరమణ చేసిన లోకో పైలట్ ఆయన. బండి నడిపేవాడి కళ్లూ, గుండే, రక్తమూ సక్రమంగా ఉన్నాయో లేదో రైల్వేవారు కొన్నేళ్లకోసారి పరీక్షిస్తారు; వయసు మళ్లాక తరచుగా పరీక్షిస్తారు. అందులో తప్పినవాణ్ణి ఇంజను దింపి ఏ ఆఫీసు బల్ల దగ్గరో కూర్చోబెడతారు. మూడు వేల టన్నుల బొగ్గును ఒంటిచేత్తో లాగిన మహారాజుకు ఆ బల్ల కంటె రౌరవ నరకం నయం.

అందుచేత పరీక్ష నోటీసు రాగానే ఆ ఇంట్లో తపోవనం వెలిసేది. జిలేబీ నిషిద్ధం. తెల్లవారకముందే మెంతులు నానిన నీళ్లు, ఆపైన కాకరరసం, ఆపైన రెండు మైళ్ల నడక, కళ్లలో పన్నీటి చుక్కలు, రాత్రి తొమ్మిదికల్లా నిద్ర. పదహారోనాడు ఆయన వైద్యుల ముందు ఋషికుమారుడిలా నిలబడి, నెగ్గి, ఆ సాయంత్రమే కిలో జిలేబీతో ఇంటికి వచ్చేవారు. పురాణాల్లో అసురులు సైతం గాలి భోంచేసి తపస్సు చేసినది వరం చేతిలో పడేదాకానే; పడిన మర్నాటి నుంచి వారి దినచర్య ఎలా ఉండేదో మనం చదువుతూనే ఉన్నాం. ఆ పరంపరను రైల్వే కాలనీలో భక్తిశ్రద్ధలతో కొనసాగించినవారు భీమారావుగారు.

విరమణ తరువాత పరీక్షలు ఆగిపోయాయి. పరీక్షే లేనప్పుడు తాను ఆరోగ్యంగా ఉన్నట్టు నలుగురికీ తెలిసేదెలాగ? ఆయన తనకు తానే ఒక పరీక్ష ఏర్పాటు చేసుకున్నారు. ప్రతి నెలా ఒకటో తారీఖున పరగడుపున సుగర్ పరీక్ష. దానికి మూడు రోజుల ముందు నుంచి సంక్షిప్త దీక్ష. ఆరేళ్లలో పోగైన కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ ఫైలులో ఉండేవి. నూట నాలుగు, తొంభై ఎనిమిది, నూట ఒకటి. ఇంటికి వచ్చిన అతిథికి మంచినీళ్లకంటె ముందు ఫైలు అందేది.

"చూడండి, చూడండి," అని ఆయన భార్య మాలతి వంటింట్లోంచి వంత పాడేది. "ఒకటో తారీఖు పొద్దున్న ఈయనంత ఆరోగ్యవంతుడు ఛత్తీస్‌గఢ్‌లో లేడు. ఆ మర్నాటి నుంచే కొంచెం తేడా."

"ఒలే, నీకేటి తెలుసే డిసిప్లిన్ అంటే?"

"నాకేటి తెలుస్తాది? మెంతులు నానబెట్టినదాన్ని నేను, తాగినవారు మీరు."

కాలనీ రామమందిరం అరుగు మీద సాయంత్రాలు ఆయన ఆరోగ్యోపన్యాసాలు సాగేవి. శరీరానికి ముసలితనం వస్తుంది గాని క్రమశిక్షణకు రాదనీ, మనిషి నూరేళ్లూ నడుం వంగకుండా బతకడం కేవలం అలవాట్ల ప్రభావమనీ ఆయన ప్రవచించేవారు. ఆ మాట అక్షరసత్యం. చెప్పినవారి అలవాట్లు ఉదయం ఏడింటికి ఖమ్‌తరాయి చౌరస్తాలో, పోహా అనే అటుకుల ఫలహారం మీద సేవ్ చల్లించుకుని పక్కన నాలుగు జిలేబీలతో, బహిరంగంగానే జరిగేవి.

ఆ జిలేబీల్లో రెండింటి భాగస్వామి సూరిబాబు. వ్యాగన్ రిపేర్ షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైనవాడు, బీర్‌గావ్‌లో కాపురం, భీమారావుగారికంటె రెండేళ్లు చిన్న. బంధుత్వమేమీ లేకపోయినా నలభై ఏళ్లుగా ఆయనను బావా అంటాడు. చువ్వలాంటి మనిషి. ఈ రెండేళ్లలో ఇంకా సన్నబడ్డాడు. ప్యాంటుకు బెల్టు చాలక తాడు కట్టుకునేవాడు. కాలనీ అంతా ఆ తాడును మెచ్చుకునేది. ఉపన్యాసాల్లో అతడే దృష్టాంతం.

"చూడండి సూరిబాబుని. ఈ వయసులో పొట్ట ఉందేటి? ఆరోగ్యం అంటే అదీ!"

"ఒకసారి నువ్వూ టెస్టు చేయించుకోరాదా, సూరీ?" అని మాలతి అంటే, "సన్నగున్నోడికి సుగరేటక్కా?" అని అతడు నవ్వి, దాహంగా ఉందని ఇంకో చెంబు నీళ్లు అడిగేవాడు.

ఇక్కడ భీమారావుగారికి ప్రాణంతో సమానమైనది ఇంకొకటి చెప్పాలి. ఏటా కార్తీకమాసంలో రామమందిరంలో సాయంత్రం పురాణపఠనం జరుగుతుంది. పద్దెనిమిదేళ్లుగా ఆ పీట ఆయనది. అక్కడి పిల్లలందరూ హిందీ బడుల్లో చదివినవారు. తెలుగు మాట్లాడతారు గాని తెలుగు అక్షరం వారి కంటికి ముగ్గులా కనిపిస్తుంది. పెద్దవాళ్లలో చదవగలిగినవారు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఇంజను దిగిన తరువాత ఆయనకు మిగిలిన సింహాసనం ఆ పీట ఒక్కటే. దానికి ఒక ప్రత్యర్థి కూడా ఉన్నాడు: రిటైర్డ్ హెడ్ క్లర్కు వెంకటరత్నం. తెలుగు అక్షరం తనకు రాదన్న లోపాన్ని అధిగమించడానికి, పురాణం మొత్తాన్ని ఎవరిచేతనో చదివించుకుని, హిందీ లిపిలో ఏడు నోటుపుస్తకాల్లో రాసుకుని, పీట ఖాళీ అయ్యే ముహూర్తం కోసం ఆయన ఓపికగా వేచి ఉన్నాడు. సిగ్నల్ కిలోమీటరు దూరంలో ఉండగానే చదివిన తాను, జీవితమంతా బల్ల దగ్గర కూర్చున్నవాడికి పీట అప్పగించడమా అని భీమారావుగారి పంతం.

2022 ఆషాఢంలో భీమారావుగారు పుస్తకం తెరిస్తే పంక్తుల మీద పాలు ఒలికినట్టు కనిపించింది. రెండు కళ్లలోనూ శుక్లాలు. ఆయన ఏమాత్రం చలించలేదు. ఆపరేషన్ పావుగంట పని. ఫైలు చంకలో పెట్టుకుని కంటి ఆసుపత్రికి వెళ్లారు.

అక్కడ ఆపరేషన్‌కు ముందు రోగులను చూసి పంపే పని మరియమ్మగారిది. గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం; ముప్పై ఏళ్లు రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసి, విరమించాక ఇక్కడ చేరింది. ఆవిడ ఫైలు చూడలేదు. ఆయన ముఖం చూసింది.

"పరగడుపున నూట నాలుగు. ఎన్ని రోజుల పస్తండీ ఇది?"

"పస్తేటమ్మా? నా లైఫే అలగ. బిల్కుల్ డిసిప్లిన్."

"భీమారావుగారూ, మీ మెడికల్స్‌కి రక్తం తీసిందాన్ని నేను. పరీక్షకొచ్చిన ప్రతి డ్రైవరు నోట్లోనూ మెంతుల వాసనే. ఇప్పుడు కూడా ఇక్కడి దాకా వస్తోంది. చెయ్యి చాపండి."

గంట తరువాత కాగితం వచ్చింది. పది పాయింటు రెండు.

"ఇదేటి, ఇంత తక్కువ?" అన్నారు ఆయన సంతోషంగా.

"ఇది వేరే లెక్కండీ. మూడు నెలల సరాసరి. ఆరున్నర దాటితే జబ్బు. మీది పది దాటింది."

"మూడు నెల్ల కిందట తిన్నది ఇప్పుడెలగ తెలస్తాది? అరిగిపోనాది కదా?"

"మీ కడుపు మర్చిపోయిందండీ. రక్తం మర్చిపోలేదు. జిలేబీ తిన్నప్పుడల్లా ఆ తీపి రక్తకణానికి అంటుకుంటుంది, ఆ కణం బతికున్నన్నాళ్లూ వదలదు. చివరి మూడు రోజులు కాకరకాయ తాగితే అదేం మనసు మార్చుకోదు."

మనుష్యుడి దేహంలోనే చిత్రగుప్తుడు కొలువై ఉన్నాడనీ, ఆయన ఒకటో తారీఖున మాత్రమే కలం పట్టేవాడు కాడనీ భీమారావుగారికి అరవై ఆరో ఏట తెలిసింది. డాక్టరమ్మ హిందీలో మర్యాదగానే చెప్పింది. ఎనిమిదికి లోపు తెస్తే కోస్తాను, లేకపోతే గాయం మానదు, బాబూజీ. ఆయన వేళ్లు మడిచి లెక్కపెట్టారు. కార్తీకానికి మూడు నెలల పైచిలుకు ఉంది. చాలినంత గడువే. మూడు నెలలు మామూలుగా, మనిషిలా బతికితే చాలు.

అదే ఆయనకు చేతకాని పని. పదిహేను రోజులు అద్భుతంగా గడిచాయి. మాలతి జొన్నరొట్టె చేసింది, ఆయన తిన్నారు. ఉర్లా ఫ్యాక్టరీల పొగ కమ్మకముందే నడక ముగించారు. భోజనం తరువాత పది నిమిషాలు తిరిగారు. పదహారోనాడు పొద్దున ఆయన కాళ్లు తమంతట తామే ఖమ్‌తరాయి చౌరస్తాకు వెళ్లాయి. ముప్పై ఆరేళ్ల అభ్యాసం. పదహారో రోజున ఉద్యాపన చెయ్యకపోతే ఏదో అపచారం చేసినట్టు ఆయనకు తోచింది. ఆ తరువాత ఆయన మళ్లీ దీక్ష పట్టారు, మళ్లీ ఉద్యాపన చేశారు. ఈ విధంగా శ్రావణ భాద్రపదాలు పవిత్రంగా గడిచాయి.

దసరా వెళ్లేసరికి తన లెక్క ఎనిమిదికి దిగదని ఆయనకు తెలుసు. రామమందిరంలో వెంకటరత్నం నోటుపుస్తకాలకు పసుపు రాయించాడనీ తెలుసు. అప్పుడు ఆయనకు ఒక ఆలోచన వచ్చింది.

"సూరీ, నీ రగతం ఒక చెంచాడు గావాలి."

"నా రగతం నీది కాదేటి బావా? దేనికి?"

సూరిబాబు సన్నగా ఉంటాడు. సన్నగా ఉన్నవాడి రక్తం శుద్ధంగా ఉంటుంది. బీర్‌గావ్‌లోని చిన్న ల్యాబులో పేరు, వయసు తప్ప ఏమీ అడగరు. సూరిబాబు వెళ్లి భీమారావుననీ, అరవై ఆరేళ్లనీ చెప్పి రక్తం ఇస్తే ఆ కాగితం ఆసుపత్రిలో చూపవచ్చు. పురాణం చదవడానికి అబద్ధం ఆడవచ్చునా అన్న ధర్మసందేహం ఆయనకు కలగకపోలేదు. దైవకార్యం కనుక దోషం లేదని తీర్పు కూడా ఆయనే చెప్పుకున్నారు. ఆ ధర్మపీఠం మీద ఉన్నదీ ఆయనే కదా.

సూరిబాబు రక్తం ఇచ్చాడు. మర్నాడు ఇద్దరూ కాగితం తీసుకుని ల్యాబు మెట్ల మీద నిలబడ్డారు. భీమారావుగారు దాన్ని ముక్కుకు ఆనించి చూశారు, అక్షరాలు ఈదుతున్నాయి.

"ఏటుందిరా? చదువు."

"నీ పేరు ఉంది. మగ. అరవయ్యారు. కింద పన్నెండు పాయింటు నాలుగు." సూరిబాబు తలెత్తాడు. ముఖం వెలిగిపోతోంది. "పాసయ్యావా బావా?"

భీమారావుగారు కాగితం లాక్కున్నారు. మొదట ల్యాబును తిట్టాలనిపించింది. తరువాత సూరిబాబును.

"నిన్న ఏటి తిన్నావురా, దొంగ?"

"మనం తిన్నదే. నీతోటే కదా."

అప్పుడు ఆయనకు ఆ మనిషి కనిపించాడు. ప్యాంటుకు కట్టిన తాడు. ఎప్పుడూ అడిగే చెంబెడు నీళ్లు. పోయిన శీతాకాలం నుంచి అరికాళ్లకు దూది చుట్టినట్టుందని అన్న మాట. దానికి తాను, వయసురా, నడువు, అదే పోతుందని ఇచ్చిన వైద్యసలహా. రెండేళ్లుగా అరుగు మీద తాను ఆరోగ్యమని చూపించిన ప్రతి లక్షణమూ జబ్బే.

రెండు దారులు ఉన్నాయి. కాగితం చింపి మిషను చెడిపోయిందని చెప్పవచ్చు; సూరిబాబు నమ్ముతాడు, నలభై ఏళ్లుగా ఏది చెప్పినా నమ్మాడు. మరో రక్తం కోసం మరో బక్కమనిషిని వెదకవచ్చు. కార్తీకానికి ఇంకా రెండు వారాలు ఉన్నాయి. రెండో దారి నిజం చెప్పడం; అందులో పీట పోతుంది, పరువు పోతుంది, మరియమ్మ ముందు తలవంచాలి. ఆయన మెట్ల మీద కూర్చున్నారు. ముప్పై ఆరేళ్లలో ఎర్ర సిగ్నల్ దాటని రికార్డు ఆయనది. చూడలేదని చెప్పి తప్పించుకున్న డ్రైవర్లను ఆయన ఎన్నడూ క్షమించలేదు.

"ఫెయిలయ్యావురా," అన్నారు.

"నువ్వా?"

"నువ్వు. ఆటో ఎక్కు."

మరియమ్మ కాగితం చూసి, ఇద్దరినీ చూసి, కళ్లజోడు తీసింది.

"ఇది ఎవరి రక్తమండీ?"

"ఈడిది. పేరు నాది." ఆయన నేల వైపు చూస్తూ అంతా చెప్పారు.

"ముప్పై ఏళ్లలో చాలా చూశానండీ," అంది ఆవిడ. "చెవిలో చీము దాచడానికి దూది పెట్టుకుని వచ్చినవాళ్లని చూశా. కంటిచార్టు బట్టీపట్టినవాళ్లని చూశా. ఇంకొకడి రక్తం దొంగతనం చెయ్యబోయి వాడికి జబ్బుందని కనిపెట్టిన మహానుభావుణ్ణి మాత్రం ఇవాళే చూస్తున్నా. సూరిబాబుగారూ, చెప్పులు విప్పండి."

ఎడమ అరికాలిలో రూపాయి బిళ్లంత పుండు. చుట్టూ నల్లబడి ఉంది.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఏటి, ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు సూరిబాబు. అతడికి అక్కడ పుండు ఉన్నట్టే తెలియదు.

ఇంకో నెల ఆగితే పాదం తీసేయాల్సి వచ్చేదని తరువాత పెద్ద ఆసుపత్రిలో చెప్పారు. పదకొండు రోజులు అక్కడ ఉంచుకుని పంపారు. ఆ పదకొండు రోజులూ మంచం పక్క స్టూలు మీద కూర్చున్నవారు భీమారావుగారే. వార్డులో ఎవరికీ ఆయన ఆరోగ్యోపన్యాసం ఇవ్వలేదన్నది విశ్వసనీయమైన వార్త.

సంగతి తెలిసినప్పుడు మాలతి పొయ్యి దగ్గర ఉంది. కూర కలుపుతూనే అంది: "ఇన్నాళ్లూ మీ బదులు మెంతులు నేను నానబెట్టాను. రగతానికి కూడా మనిషిని పెట్టుకుంటారనుకోలేదు."

"తప్పే," అన్నారాయన.

ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. పెళ్లయిన నలభై ఏళ్లలో ఆ మాట ఆ నోటినుంచి ఆవిడ విన్నది లేదు.

ఆయన సొంత రక్తం ఆ నెల తొమ్మిది పాయింటు ఆరు. ఆపరేషన్ లేదు. మళ్లీ ఎప్పుడు రావాలని అడిగితే మరియమ్మ తేదీ ఇవ్వలేదు.

"తేదీ చెబితే మీరు బాగుపడరండీ. ఫోను చేస్తా. వారానికా, మూడు నెలలకా, నాకే తెలీదు. చేసిన రోజు మధ్యాహ్నంలోగా ఇక్కడుండాలి. డ్యూటీకి కాల్ వచ్చినట్టు."

ఈ శిక్ష ఎంత క్రూరమో రైల్వేవాళ్లకే తెలుస్తుంది. తిథి లేని వ్రతానికి ఉద్యాపన ఎక్కడ? పదహారో రోజు ఎప్పుడో తెలియనివాడు ప్రతిరోజూ పదిహేనో రోజే బతకాలి. మొదటి వారాలు ఆయన ఫోను వైపు చూసి తిన్నారు, ఫోను వైపు చూసి నడిచారు. తరువాత చూడడం మరిచిపోయారు. పొద్దున సూరిబాబు కట్టు కట్టిన కాలితో వాకిట్లో కుర్చీలో కూర్చుంటే, ఆయన వీధి చివరికీ ఇంటికీ తిరుగుతూ అతడితో గొంతెత్తి మాట్లాడేవారు. ఇద్దరికీ మాలతి అటుకులు వేయించేది, జిలేబీ లేకుండా. మొదటిరోజు సూరిబాబు పళ్లెం తిప్పి తిప్పి చూసి, "పక్కన ఏటో మరిచిపోనావక్కా," అన్నాడు. మాలతి మంచినీళ్ల చెంబు తెచ్చి పెట్టింది.

కార్తీకం వచ్చింది. పీట మీద వెంకటరత్నం కూర్చున్నాడు. హిందీ లిపిలో లేని అక్షరాలు కొన్ని తెలుగులో ఉంటాయన్న సంగతి ఆయన నోటుపుస్తకాలకు తెలియదు. అందువల్ల ఆ నెల దేవతలూ ఋషులూ కొంత ఇబ్బంది పడ్డారు. భీమారావుగారు ముప్పై సాయంత్రాలూ ముందు వరుసలో కూర్చుని, ఒక్కచోట కూడా సరిదిద్దకుండా విన్నారు. పూర్వం ఆయన చేసిన తపస్సులన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. పైగా నాలుగో వరుసలో ఇద్దరు ఆడపిల్లలు ఆ నోటుపుస్తకాల నకలు చూస్తూ తామూ గొంతు కలుపుతున్నారు. తన పద్దెనిమిదేళ్లలో ఎవరూ గొంతు కలపలేదని ఆయన గమనించారు, ఎవరికీ చెప్పలేదు.

మరియమ్మ ఫోను మాఘమాసంలో, ఆయన తోటకూర కాడలు తుంచుతుండగా వచ్చింది. చేతులు కడుక్కుని వెళ్లారు. ఏడు పాయింటు ఏడు. ఫాల్గునంలో ఒక కన్నూ, చైత్రంలో రెండో కన్నూ కోశారు.

మరుసటి కార్తీకం మొదటి సాయంత్రం రామమందిరం కమిటీవారు ఆయనను పీట మీదికి పిలిచారు. ఆయన కూర్చుని ఎదుటివారిని చూశారు. కిందటి కార్తీకంలో మసక వెనుక ఉన్న ముఖాలన్నీ ఒక్కసారిగా ముడతలతో సహా దగ్గరికి వచ్చాయి. తనవాళ్లందరినీ ఇలా ఒక్కచోట చూసేదాకా, ఇంత ముసలివాళ్లయిపోయారని ఆయనకు తెలియదు. సూరిబాబు బుగ్గల మీద కాస్త కండ పట్టింది. ఏడాదిగా మొగుడి పథ్యమే తానూ తిన్న మాలతి ఈసారి స్తంభానికి ఆనుకోకుండా కూర్చుంది. పుస్తకం అట్ట మీద పేరుకున్న ఉర్లా నల్లధూళిని ఆయన ఉత్తరీయంతో తుడిచి, నాలుగో వరుసలోని ఆడపిల్లలిద్దరినీ ముందుకు రమ్మని చెయ్యి ఊపారు. వాళ్లు తమ హిందీ పుస్తకాలతోనే వచ్చి కూర్చున్నారు.

వెంకటరత్నం కూడా ముందు వరుసలోనే, ఏడు నోటుపుస్తకాలూ ఒళ్లో పెట్టుకుని, ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని చెవులు రిక్కించి ఉన్నాడు. మొదటి అధ్యాయంలో రెండు దొరికాయి. ఆయన రెండుసార్లూ చెయ్యెత్తాడు. భీమారావుగారు రెండుసార్లూ ఆగి, ఒప్పుకుని, ఆ వాక్యం మళ్లీ చదివారు.